నా వెబ్‌సైట్ ఆపేశారు, కారణం ఎవరిని అడగాలి?

సందేహం: మాది మలక్‌పేట. చెరువుల ఆక్రమణలపై ఆరేళ్లుగా చిన్న వెబ్‌సైట్ నడుపుతున్నాను. పది రోజులుగా అది ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్‌లో తెరుచుకోవడం లేదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ‘పైనుంచి ఆర్డర్ ఉంది సార్’ అంటున్నారు. కాపీ ఇవ్వరట. నాకు నోటీసూ రాలేదు. ఏం చేయాలి?

జవాబు: టెన్షన్ పడకుండా ముందు మొబైల్ డేటాలో, పక్కింటివాళ్ల కనెక్షన్‌లో తెరిచి చూడండి. తెరమీద ఏం కనబడితే అది తేదీ, సమయంతో సహా స్క్రీన్‌షాట్ తీయండి. ‘టెలికం శాఖ ఆదేశాల మేరకు నిలిపివేశాం’ అన్న వాక్యం ఉంటే అదే మీకు మొదటి సాక్ష్యం. ఒకచోట వచ్చి ఇంకోచోట రాకపోయినా వదిలేయకండి, అన్ని కంపెనీలూ ఆదేశాన్ని ఒకేలా అమలు చేయవు.

కంపెనీతో గొడవపడి లాభం లేదు. వెబ్‌సైట్లను ఆపించే అధికారం కేంద్రానికి ఇచ్చేది ఐటీ చట్టం సెక్షన్ 69ఎ. దాని కింద వచ్చిన ఆదేశాన్ని పాటించకపోతే ఏడేళ్ల వరకు జైలు. పైగా ఆ సెక్షన్ అమలుకు చేసిన 2009 నిబంధనల్లో 16వది గోప్యత పాటించమంటుంది. అందుకే నోరు విప్పరు.

కానీ అవే నిబంధనల్లో 8వది కూడా ఉంది. రాసినవాళ్లెవరో కనుక్కునే ప్రయత్నం చేసి, కనీసం 48 గంటల గడువిచ్చి, వాళ్ల మాట వినాలి. మీ సైట్‌లో మెయిల్, ఫోన్ నంబర్ ఉన్నాయా? ఉంటే ‘ఆచూకీ దొరకలేదు’ అనడం కుదరదు. అత్యవసరమని ముందే ఆపేసినా 48 గంటల్లో ఇలాంటి అభ్యర్థనలను పరిశీలించే ప్రభుత్వ కమిటీ ముందు పెట్టాలి.

2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఆన్‌లైన్‌లో అభ్యంతరకర రాతలను నేరంగా చూసే 66ఎను కొట్టేసి, 69ఎను నిలిపింది. కారణాలు రాతపూర్వకంగా ఉండాలి, వాటిని రిట్‌లో, అంటే ప్రభుత్వ చర్యపై నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్‌లో, ప్రశ్నించవచ్చు అన్న రక్షణలను చూసే నిలిపింది. ఆ కాగితమే చేతికివ్వకపోతే దేన్ని ప్రశ్నిస్తాం? ఈ రహస్యం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. వరకట్నంపై వ్యంగ్యంగా నడిచిన ఒక సైట్‌ను ఆపేస్తే, 2022లో ఢిల్లీ హైకోర్టు ఆర్డర్ కాపీ ఇచ్చి, యజమాని వాదన వినమంది. మీకూ అదే దారి.

ఢిల్లీలోని ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖలో ఈ ఆదేశాలు జారీచేసే నియమిత అధికారికి కాపీ, విచారణ కోరుతూ రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపండి. రాష్ట్రం తరఫున 69ఎ అభ్యర్థన వెళ్లి ఉంటే ప్రధాన కార్యదర్శి ఆమోదం ఉండాలి, అదీ అడగండి. జవాబు రాకపోతే తెలంగాణ హైకోర్టులో 226వ అధికరణ కింద రిట్ వేయండి. దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కొన్ని కారణాలకే 69ఎ వర్తిస్తుంది. చెరువు కబ్జా గురించి రాయడం వాటిలో దేనికీ అతకదు.

కోర్టు ఉత్తర్వుతో ఆగిందని తేలితే మాత్రం కేసు నంబర్ కనుక్కొని, అదే కోర్టుకు వెళ్లాలి.

ఆరేళ్ల ఫొటోలు, రాతలు ఈ రాత్రే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. రిట్‌కు జతచేయాల్సింది అవే.