పరిచయ వారం తప్పిపోయిన విద్యార్థికి సమాధానం

సీటు ఆలస్యంగా రావడం వల్ల కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చరిత్ర విద్యార్థుల పరిచయ వారానికి హాజరు కాలేకపోయానని, ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని మీరు రాశారు. ఆ వారంలో జరిగే ప్రసంగాల కోసం చింతించనక్కర్లేదు; వాటిలో సగం స్వాగతాలకు, శాలువాలకే సరిపోతాయి. చూసుకోవలసినవి కాగితాలు. ముందుగా మీ శాఖ కార్యాలయానికి వెళ్లి సిలబస్, టైంటేబుల్ తీసుకొని, ఐచ్ఛిక పేపర్ల ఎంపికకు గడువు ఎప్పటివరకు ఉందో కనుక్కోండి. ర్యాగింగ్‌కు పాల్పడబోమనే హామీపత్రాన్ని 2009 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం విద్యార్థితోపాటు తల్లి గానీ తండ్రి గానీ సంరక్షకులు గానీ కూడా ఇవ్వాలి కనుక, ఆ ఒక్క సంతకం కోసం మళ్లీ ఊరికి బస్సెక్కే పని లేకుండా ముందే చేయించుకోండి.

ఇక చరిత్ర చదివేవారికి క్యాంపస్ గ్రంథాలయం ఒక్కటే చాలదు. 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్, ఇక్కడి తన బంగళాలో పండితులను నియమించి, తాటాకులపై గంటంతో గీసిన కావ్యాలను ఒకదానితో ఒకటి సరిచూపించి, కాగితం మీద శుద్ధప్రతులు రాయించాడు. ఆ బంగళా ఉన్న స్థలంలోనే నేడు నడుస్తున్న భాషా పరిశోధన కేంద్రం మీ విశ్వవిద్యాలయానిదే. గుర్తింపు కార్డు చేతికి రాగానే అక్కడికి వెళ్లి, తాళపత్రాలను చూడడానికి అనుమతి ఎలా పొందాలో అడగండి.