ఎలెవెంత్ అవర్ అంటే రాత్రి 11 కాదు తమ్మీ

ప్రశ్న: సార్, నేను దేవరకొండల డిగ్రీ చదువుతున్న. మొన్న మాక్ టెస్ట్‌ల ‘ఎలెవెంత్ అవర్’ అని వస్తే రాత్రి 11 గంటలని పెట్టి మార్కు పోగొట్టుకున్న. ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’, ‘నిక్ ఆఫ్ టైమ్’ గూడ జెర చెప్పుండ్రి.

జవాబు: నువ్వొక్కనివే కాదు తమ్మీ, చానామంది గట్లనే పెడ్తరు. ఇది బైబిల్ల మత్తయి సువార్త 20వ అధ్యాయంల ద్రాక్షతోట కూలోళ్ల కథకెల్లి వచ్చింది. అప్పట్ల పొద్దు పొడిచిన కాన్నుంచి పొద్దుగూకేదాక 12 గంటలు లెక్క, అంటే పదకొండోది మనకు సాయంత్రం 5 అన్నట్టు, పత్తి చేన్ల ఆడోళ్లు సంచులు మూటగట్టి ఆటో కోసం తొవ్వ చూసే టైమ్. గప్పుడు పనికొచ్చినోళ్లకు గూడ ఆసామి పొద్దుగాల వచ్చినోళ్లంత కూలే ఇచ్చిండు, మిగిలినోళ్లు గులుగుకున్నరనుకో! గందుకే చిట్టచివరి నిమిషం అని అర్థం, నువ్వు ఎగ్జామ్ ఫీజు లాస్ట్ డేట్ నాడు కట్టినట్టు.

బ్లూ మూన్ అంటే చంద్రుడు నీలంగ అయితడని కాదు. ఒకే నెలల రెండు పున్నాలొస్తే రెండోదాన్ని గట్లంటరు, రెండున్నరేండ్లకోపాలి వస్తది, అంటే ఎప్పుడో ఒకపారి అని. 2023 ఆగస్టుల రాఖీ పున్నం గదే. ఆ ఏడే మనకు అధిక శ్రావణం గూడ పడ్డది, రెండిటి లెక్క ఒకటే, పున్నానికి పున్నానికి నడుమ 29న్నర రోజులే, అంటే క్యాలెండర్ నెలకన్న జెర తక్కువ ఉంటయి గాబట్టి మిగులు రోజులు జమై అక్కడ ఒక పున్నం, ఇక్కడ ఒక మాసం ఎక్కువొస్తది. నాకైతే మన అధికమాసం మాటనే నచ్చుతది.

నిక్ ఆఫ్ టైమ్ అంటే ఇంకో నిమిషమైతే బస్సు పోయేది అన్నట్టు.