కేజీ నూనె అంటే లీటరు కాదక్కా, దాని మీద ఇంకో వంద మిల్లీ

అక్కా, ఆవకాయ కొలతల్లో కేజీ నూనె అని ఉంది, ఇంట్లో లీటరు ప్యాకెట్ ఉంది, అదే పోసేయొచ్చా అని కదా నువ్వు అడిగింది. సరిపోదు. ఇంకో వంద మిల్లీ కావాల. లీటరు నూనె తూకమేస్తే దగ్గరదగ్గర 910 గ్రాములే వస్తాది, నూనె నీళ్లకంటే తేలిక కాబట్టి (నీళ్ల మీద తేలేది అందుకే). ఆవకాయకి ఇది చిన్న తేడా కాదు, ముక్క మీద నూనె నిలబడకపోతే పైన బూజు పడతాది.

మాది అనంతపురం. మా చెల్లెలి పెళ్లికి వంటమాస్టరు పట్టీ రాసిచ్చినాడు, శనక్కాయ నూనె 45 కేజీలు అని. టిన్ను అంటే 15 కదా, మూడు టిన్లు చాలని లెక్కేసి నేనే అంగడికి పోయి తెచ్చినా. టిన్ను మీద 15 అని పెద్దగా ఉంది, దాని పక్కన లీటర్లు అని చిన్నగా ఉండేది చూసుకోలే. 15 లీటర్ల టిన్నులో ఉండేది 13 కేజీల 650 గ్రాములు, అంటే మూడు టిన్లకి 41 కేజీలు కూడా రాలే, నాలుగు కేజీలు తక్కువ. పెళ్లి రోజు తెల్లారుజామున నాలుగింటికి అలసంద వడలు వేస్తాంటే మూడో టిన్ను కూడా వంచేసినారు, బాండ్లిలో నూనె అడుక్కి పోయింది, పిండి ఇంకా సగం గంగాళంలోనే ఉంది. మా మామ బండేసుకొని పోయి అంగడాయన్ని ఇంట్లో నిద్ర లేపి ఐదు లీటరు ప్యాకెట్లు తెచ్చినాడు. ఆ పొద్దు మా అమ్మ పడిన కంగారు నేను ఇప్పటికీ మర్చిపోలే.

ఆ తర్వాత ఇంట్లో తూచి చూసినా. వంటింటి కాటా మీద ఖాళీ సీసా పెట్టి సున్నా చేసి నీళ్లు 1000 గ్రాములు వచ్చేదాకా పోసి మెడ దగ్గర గీత పెట్టినా, నీళ్లు పారబోసి సీసా బాగా ఆరినాక అదే గీత దాకా గానుగ నూనె పోస్తే 912 చూపించింది. సన్‌ఫ్లవర్, నువ్వుల నూనె, ఏదైనా కొంచెం అటూ ఇటుగా ఇంతే, ఇంటి వంటకి వేరే లెక్క అక్కర్లేదు.

కొనేటప్పుడు కూడా ఇది చూడాల. గానుగ దగ్గర ఒకరు కేజీ లెక్కన అమ్ముతారు, ఇంకొకరు లీటరు లెక్కన, రేట్లు పక్కపక్కన పెడితే మోసపోతాం. లీటరు రేటుకి పదో వంతు కలిపితే కేజీ రేటు వస్తాది, లీటరు 182 అంటే కేజీ 200 కింద లెక్క. ప్యాకెట్లలో ఇప్పుడు 850 గ్రాములవి కూడా వస్తాండాయి, చూడ్డానికి లీటరు ప్యాకెట్ లాగే ఉంటాది, కాబట్టి గ్రాములు చూసే కొను.

ఇంకోటి, ఎండకి నూనె ఉబ్బుతాది, అప్పుడు లీటరు తూకం ఇంకా తగ్గుతాది. సోయా నూనె లీటరు 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములుంటే 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే. ముందు కొన్ని కంపెనీలు ప్యాకెట్ మీద అంత ఎక్కువ డిగ్రీలు వేసి లీటరు అని రాసేవి, 2022లో కేంద్రం ఆ డిగ్రీలు తీసేసి లీటరుతో పాటు తూకం కూడా సరిగా రాయమని చెప్పి 2023 జనవరి 15 దాకా గడువిచ్చింది. తూకం అయితే ఎండాకాలమైనా చలికాలమైనా మారదు, అందుకే నేను ఇప్పుడు పట్టీ రాసేటప్పుడు కేజీలే రాస్తా, పక్కనే ఎన్ని లీటర్లో కూడా రాస్తా.

నీ ఆవకాయకి లీటరు ప్యాకెట్ మొత్తం పోసి, రెండో ప్యాకెట్ నుంచి పెద్ద స్పూన్లు ఏడు వేసుకో. మూడో రోజు కలిపేటప్పుడు జాడీలో ముక్క పైన నూనె తేలకపోతే ఇంకొంచెం కాచి, పూర్తిగా చల్లారినాక పోసుకో.