పిస్టల్‌కు ఒకసారి, తూటాలకు ప్రతి నెలా

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. వయసు 29. ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంట్‌గా చేస్తున్నాను, చేతికి 46,000 వస్తుంది. మా ఆయనకు జడ్చర్లలో ఎలక్ట్రికల్ షాపు, సగటున నెలకు 30,000 మిగులుతుంది. నాలుగేళ్ల బాబు. ఇంటి ఖర్చు 38,000, ఇంటి లోన్ ఈఎంఐ 14,500. ఐదు లక్షల చిట్టీ (50 నెలలు, నెలకు 10,000) 17 నెలలు కట్టాం, ఇంకా ఎత్తలేదు. ఎఫ్‌డీ 3.2 లక్షలుంది. మూడేళ్లుగా ఎయిర్ పిస్టల్ షూటింగ్ చేస్తున్నాను, సొంత ఎయిర్ పిస్టల్ ఉంది. ఏడాదిగా హైదరాబాద్‌లో క్లబ్ వాళ్ల పాయింట్ 22 పిస్టల్‌తో (నిజమైన చిన్న తూటాలు పేల్చేది) 25 మీటర్ల దూరంలోని టార్గెట్‌కు కాలుస్తున్నాను. తూటా 22 రూపాయలు పడుతుంది. రాకపోకలు, రేంజ్ ఫీజు కలిపి ఒక్కో ట్రిప్పుకు 900. ఈ ఖర్చంతా ఇంటి ఖర్చులో కలపలేదు. తెలిసిన షూటర్ ఒకాయన తన ఇటలీ పిస్టల్ 1.9 లక్షలకు ఇస్తానని, ముందు 20,000 అడ్వాన్స్ ఇమ్మని అంటున్నారు. లైసెన్స్ ఇంకా తీసుకోలేదు. పర్సనల్ లోన్ తీసుకోనా, ఎఫ్‌డీ తీయనా, చిట్టీ ఎత్తనా?

జవాబు: మూడూ వద్దు. అడ్వాన్స్ అసలే వద్దు. పిస్టల్ కొనవచ్చు, కానీ ఇప్పుడు కాదు. ఎందుకో మీరిచ్చిన అంకెలే చెబుతున్నాయి.

మీరు 1.9 లక్షల దగ్గర ఆగిపోయారు. అసలు బరువు తూటాలది. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 80 తూటాలు, ఏడాదికి 46 వారాలు అనుకుందాం. 7,360 తూటాలు, 22 రూపాయల చొప్పున 1,61,920. అంటే పిస్టల్ ధరలో ఐదింట నాలుగు వంతులకు పైగా ప్రతి సంవత్సరం గాలిలో కలుస్తుంది. 92 ట్రిప్పులకు మరో 82,800. మొత్తం 2,44,720. మీ ఇంట్లో ఈఎంఐ, చిట్టీ పోగా నెలకు మిగిలేది 13,500, ఏడాదికి 1,62,000. పిస్టల్ ఎవరైనా ఉచితంగా ఇచ్చినా ఈ పద్ధతిలో సాధన మీ జీతాలకు అందదు.

కాబట్టి ముందు సాధన తీరు మార్చాలి. నెలకు మూడు ట్రిప్పులు, ట్రిప్పుకు 80 తూటాలు, 11 నెలలు అంటే 2,640. పోటీలో 30 ప్రెసిషన్ (నింపాదిగా గురిచూసేవి), 30 ర్యాపిడ్ (సెకన్లలో కాల్చేవి) కలిపి 60 షాట్లు, ఒక్కో దశకు ముందు గురి సరిచూసుకోవడానికి ఐదు సైటింగ్ షాట్లు, మొత్తం 70. ఐదు పోటీలకు 350. కలిపితే దాదాపు 3,000 తూటాలు, 66,000. ట్రిప్పులు 38, అంటే 34,200. అసోసియేషన్ సభ్యత్వం, పోటీల ఎంట్రీ ఫీజులు, నూనె, స్ప్రింగుల కోసం 15,000 పక్కన పెట్టండి. ఏడాదికి 1,15,200, నెలకు 9,600. అప్పుడు 3,900 మిగులుతుంది. మీరు నిజంగా మోయగలిగిన లెక్క ఇది.

తూటాలు తగ్గిస్తే స్కోరు పడిపోతుందని భయపడకండి. ట్రిగ్గర్ పని చాలావరకు ఖాళీ పిస్టల్‌తో, అంటే డ్రై ఫైర్‌తో జరుగుతుంది. కాకపోతే పాయింట్ 22 లాంటి రిమ్‌ఫైర్‌లో ఒక చిక్కుంది. ఈ తూటాలో పేలే మందు అడుగు అంచులో ఉంటుంది, ఫైరింగ్ పిన్ ఆ అంచు మీదే కొడుతుంది. తూటా కూర్చునే చాంబర్ ఖాళీగా ఉంటే పిన్ నేరుగా చాంబర్ అంచును తాకవచ్చు. అలా పదే పదే తగిలితే అక్కడ చిన్న నొక్కు పడి, తర్వాత కాల్చిన గొట్టం బయటకు రాక ఇరుక్కుంటుంది. పోటీ పిస్టళ్లు చాలావాటికి డ్రై ఫైర్ కోసం ప్రత్యేక అమరిక ఉంటుంది. అది లేకపోతే డమ్మీ తూటా పెట్టాలి. రేంజ్‌లో క్లబ్ పిస్టల్‌తో చేసేటప్పుడు కూడా ఇది ముందే అడగండి, పాడైతే బిల్లు మీ మీదికి వస్తుంది. ఇంట్లో సాధనకు మీ ఎయిర్ పిస్టల్ పనికొస్తుంది. కానీ దాని ట్రిగ్గర్ లాగడానికి పట్టే బరువు నియమం ప్రకారం కనీసం 500 గ్రాములు, 25 మీటర్ల పిస్టల్‌కు కనీసం 1,000 గ్రాములు. ఎయిర్ పిస్టల్‌తోనే సరిపెట్టుకుంటే పోటీ రోజున వేలు మొరాయిస్తుంది.

ఇక చట్టం సంగతి. మీ ఎయిర్ పిస్టల్ కొన్నంత తేలిక కాదిది. ఎయిర్ పిస్టల్‌కు లైసెన్స్ అక్కర్లేదు, పాయింట్ 22కు తప్పనిసరి. లైసెన్స్ లేకుండా ఇంట్లో పెట్టుకుంటే 2019 సవరణ తర్వాత ఆయుధ చట్టం కింద కనీస శిక్షే రెండేళ్లు. ప్రభుత్వ ఉద్యోగికి ఆ కేసు అంటే ఉద్యోగమే పోవచ్చు. మహబూబ్‌నగర్‌లో లైసెన్స్ ఇచ్చేది జిల్లా కలెక్టర్, మేజిస్ట్రేట్ హోదాలో. దరఖాస్తుకు శిక్షణ సర్టిఫికెట్, తుపాకీని భద్రంగా దాస్తామనే డిక్లరేషన్, మెడికల్ సర్టిఫికెట్ జతచేయాలి. ఆ తర్వాత పోలీసు విచారణ ఉంటుంది. లైసెన్స్ ఐదేళ్లు చెల్లుతుంది. ఎన్ని తూటాలు కొనవచ్చో కూడా అందులోనే రాస్తారు. ఆత్మరక్షణకు తీసుకునే మామూలు లైసెన్స్‌లో ఆ పరిమితి వందల్లో ఉంటుంది, మీకు కావలసింది వేలల్లో. అందుకే దరఖాస్తు క్రీడాకారిణిగానే చేయండి. రైఫిల్ అసోసియేషన్ సభ్యత్వం, పోటీల స్కోర్ సర్టిఫికెట్లు ఇప్పటినుంచే ఒక ఫైల్లో పోగుచేయండి.

అమ్మేవాళ్లకూ నియమాలున్నాయి. ఒక వ్యక్తి తన సొంత తుపాకీని మరొకరికి అమ్మాలంటే కొనేవారి పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేట్‌కో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలియజేయాలి. తెలియజేశాక 45 రోజులు గడిచేదాకా చేతులు మారకూడదు. కొనేవారికి లైసెన్స్ ఉండాలన్నది సరే. లైసెన్స్ లేని మీ దగ్గర అడ్వాన్స్ అడుగుతున్నారంటే ఆయన ఈ సంగతి పట్టించుకోలేదన్నమాట. ఇంకో మెలిక కూడా ఉంది. క్రీడాకారులు సుంకం మినహాయింపుతో తెప్పించుకున్న పిస్టల్ అయితే దాన్ని అమ్మడానికి షరతులుంటాయి. దిగుమతి కాగితాలు చూడకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

అమ్మకంలో ఇన్ని మెలికలు ఉన్నాయి కాబట్టే దీన్ని ఆస్తిగా లెక్కవేయకూడదు. బంగారమైతే గంటలో కుదువ పెట్టి డబ్బు తెచ్చుకుంటారు. పిస్టల్ మీద ఏ బ్యాంకూ అప్పివ్వదు. అమ్ముదామంటే కొనేవాళ్లు కొద్దిమంది, వాళ్ల లైసెన్స్‌లో కూడా ఇంకో తుపాకీకి చోటుండాలి, పైన 45 రోజుల నిరీక్షణ. కొత్తది కొంటే ఖరీదు ఎలా ఉంటుందో తెలియాలి కాబట్టి చెబుతున్నాను: పిస్టళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం. పన్ను లేకుండా 1,80,000 ఉన్నది 2,52,000 అవుతుంది. వ్యక్తి నుంచి వ్యక్తి కొనే పాతదాని మీద ఈ పన్ను పడదు, పాతదానికి ఉన్న అసలు లాభం ఇదే.

పాతది ఎంచుకునేటప్పుడు బ్రాండ్ పేరు కంటే పిడి ముఖ్యం. చెక్క పిడి పాత యజమాని చేతికి చెక్కి ఉంటుంది. ఆయన చెయ్యి పెద్దదైతే మీ అరచేతికి, పిడికి మధ్య సందు వస్తుంది, వేలి కొన ట్రిగ్గర్ మీద నేరుగా కూర్చోదు, షాట్లు ఒక పక్కకు పోతాయి. చిన్న తేడా అయితే వుడ్ ఫిల్లర్ పూసి గీకుకోవచ్చు. సైజే వేరైతే కొత్త పిడి తెప్పించాలి, ఆ ఖర్చును బేరంలో తగ్గించమనండి. తర్వాత ట్రిగ్గర్‌కు 1,000 గ్రాముల పరీక్ష బరువు తగిలించి పైకెత్తండి. తూకం నిలవకుండా ట్రిగ్గర్ విడిపోతుంటే లోపలి సియర్ (ట్రిగ్గర్ లాగేదాకా సుత్తిని ఆపి ఉంచే కొక్కెం) అరిగి ఉండవచ్చు. పిస్టల్ బరువు 1,400 గ్రాములు మించకూడదు, బ్యారెల్ 153 మిల్లీమీటర్లు, రెండు సైట్ల మధ్య దూరం 220 మిల్లీమీటర్లు దాటకూడదు. బ్యారెల్ లోపల వెలుతురు పెట్టి చూస్తే ఎక్కడైనా ఉంగరంలా నల్లగా కనిపించకూడదు. తూటా సగంలో ఇరుక్కున్న తర్వాత మరొకటి కాలిస్తే బ్యారెల్ అక్కడ ఉబ్బుతుంది, అలాంటిది ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. సీరియల్ నంబరు లైసెన్స్‌లోని నంబరుతో సరిపోవాలి. మ్యాగజైన్లు కనీసం రెండుండాలి. మూతి అంచులు వంగిన మ్యాగజైనే ఎక్కువ జామ్‌లకు మూలం.

ఇవన్నీ బాగుంటే రేంజ్‌లో, అమ్మేవారి సమక్షంలో, నాలుగు రకాల స్టాండర్డ్ వెలాసిటీ తూటాలు ఒక్కో డబ్బా కాల్చి చూడండి. డబ్బాకు 50, మొత్తం 200, మీ ధరకు 4,400 అవుతుంది. ఒక పిస్టల్‌కు నప్పిన తూటా ఇంకొకదానికి నప్పదు. ఒకదానితో అన్నీ ఒకచోట పడతాయి, ఇంకొకదానితో చెదిరిపోతాయి. నప్పేది ఖరీదైన రకం ఒక్కటే అయితే ఏడాదికి 3,000 తూటాల లెక్క మారిపోతుంది. తూటాకు 8 రూపాయలు పెరిగినా ఏటా 24,000. హై వెలాసిటీ తూటాలు మాత్రం వాడకండి, పిస్టల్ లోపల వెనక్కి ముందుకు కదిలే బోల్టు బలంగా కొట్టి, ఆ దెబ్బను ఆపే బఫర్‌ను, స్ప్రింగును త్వరగా తినేస్తుంది.

డబ్బు ఎక్కడినుంచి తేవాలన్నది చివరి ప్రశ్న. ఎఫ్‌డీని ముట్టకండి. ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి నెలకు 52,500, ఆరు నెలలకు 3.15 లక్షలు. షాపు ఆదాయం నిలకడగా ఉండదు కాబట్టి మీ ఎఫ్‌డీ మొత్తం అత్యవసర నిధే. పర్సనల్ లోన్ 2 లక్షలు, 13 శాతం, మూడేళ్లు అయితే ఈఎంఐ 6,740 వరకు, వడ్డీ 42,600. నెలకు 3,900 మిగిలే ఇంట్లో అది కుదరదు. చిట్టీ ఇప్పుడు పాటలో 25 శాతం తగ్గించి ఎత్తితే చేతికి 3.75 లక్షలు వస్తాయి. 1.9 లక్షల వస్తువు కోసం 1.25 లక్షలు వదులుకున్నట్టు. పైగా మిగిలిన 33 వాయిదాలు కట్టాలి, జామీనుదార్లను వెతుక్కోవాలి.

చిట్టీని అలాగే సాగనివ్వండి. 40వ నెల దాటాక ఎత్తేవాళ్లు తగ్గి పాట కూడా తగ్గుతుంది, అప్పుడు ఎత్తుకోవచ్చు. ఈలోగా 3,900తో ఆర్‌డీ మొదలుపెట్టండి. చిట్టీ వచ్చేలోపు పిస్టల్ సొమ్ములో సగం దాకా అక్కడే జమవుతుంది, చిట్టీ డబ్బులో ఎక్కువ భాగం బాబు చదువుకు మిగులుతుంది. చిట్టీ డబ్బు చేతికొచ్చే తేదీకి ఎనిమిది, పది నెలల ముందు లైసెన్స్‌కు దరఖాస్తు చేయండి. అంతవరకు క్లబ్ పిస్టలే. దాని స్ప్రింగులు, ఫైరింగ్ పిన్ అరిగేది క్లబ్ ఖాతాలో, మీ ఖాతాలో కాదు.

లైసెన్స్ చేతికొచ్చే రోజుకల్లా ఇంట్లో గోడకు బోల్టులతో బిగించిన చిన్న స్టీల్ సేఫ్ ఉండాలి. తూటాలకు వేరే తాళం, వేరే చోటు. నాలుగేళ్ల బాబున్న ఇంట్లో ఈ ఖర్చులో బేరం వద్దు. ఎన్నికలప్పుడు పోలీసులు ఆయుధాలు డిపాజిట్ చేయమంటారు. క్రీడాకారులకు మినహాయింపు కావాలంటే అసోసియేషన్ లేఖతో ముందే అడగాలి. మీకేమైనా అయితే మీ ఆయన దాన్ని దగ్గర పెట్టుకోకూడదు, స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేయాలి. ఈ సంగతి ఆయనకు ఇప్పుడే చెప్పి ఉంచండి.

ఇంకొకటి, ఎవరూ గుర్తుచేయనిది. 1964 ప్రవర్తనా నియమావళిలోని 9వ నియమం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగి పరిమితికి మించిన చరాస్తి కొంటే శాఖకు తెలియజేయాలి. మీ ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో అడిగి, కొనేముందే కాగితం పెట్టండి. ఆ షూటర్‌కు మాత్రం ఈ రోజే ఫోన్ చేసి, లైసెన్స్ వచ్చేదాకా మాట ఇవ్వలేనని, పిస్టల్ వేరే ఎవరికైనా ఇచ్చుకోవచ్చని చెప్పేయండి.