పచ్చబారిన బంగాళాదుంప, కామంచి కూర, ఉమ్మెత్త పువ్వు

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. సంతలో కొన్న బంగాళాదుంపల్లో సగం పచ్చబారి ఉన్నాయి. ఉడికిస్తే ఏ దోషమైనా పోతుందని మా అత్తగారు అంటారు. ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి మాత్రం బంగాళాదుంప, వంకాయ, టమాటా, కామంచి అన్నీ ‘నైట్‌షేడ్’ అనే విషపు కుటుంబానివని ఎక్కడో చదివి, పెరట్లోని కామంచి కూర ముట్టడం మానేశాడు. ఎవరి మాట వినాలి?
– ఒక గృహిణి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, కుటుంబం విషయంలో మీ అబ్బాయి చదివింది నిజమే. టమాటాను మీ ఇరుగుపొరుగు ఒడియావాళ్ళు ‘బిలాతి బైగణ’, అంటే సీమవంకాయ అంటారు. ఆ పేరు పెట్టినవారు ఏ వృక్షశాస్త్రమూ చదవకుండానే ఆ రెంటి చుట్టరికాన్ని పసిగట్టారు. వంకాయ, టమాటా, బంగాళాదుంప, మిరప, పొగాకు, కామంచి, వాకుడు, ఉమ్మెత్త, అశ్వగంధ, ఇవన్నీ సుమారు 2,700 జాతులున్న సొలనేసి కుటుంబానివే. అయితే ఒక కుటుంబంలో పుట్టినంత మాత్రాన అన్నింటిలో ఒకే విషం ఉండదు. ఏ మొక్క, అందులో ఏ భాగం, ఎంత ముదిరింది, ఎంత తిన్నాం అన్న నాలుగూ చూడకుండా దేన్నీ విషమని గానీ, కాదని గానీ చెప్పలేం.

ఇక బంగాళాదుంప సంగతికి వస్తే, అత్తగారి మాటను గౌరవిస్తూనే కాదనక తప్పదు. దుంపకు వెలుతురు తగిలినప్పుడు తొక్క కింద పత్రహరితం పుడుతుంది. ఆ ఆకుపచ్చ రంగు దానిదే, దానివల్ల హాని లేదు. అయితే అదే వెలుతురుకు సొలనిన్, చాకొనిన్ అనే చేదు పదార్థాలు కూడా పెరుగుతాయి కనుక, ఆ రంగును మనం హెచ్చరికగా తీసుకోవాలి. ఇవి నీళ్ళు మరిగే వేడికి విరిగిపోవు కాబట్టి ఉడికించినా దుంపలోనే మిగులుతాయి, వేపుడు చేసినా చాలావరకు ఉండిపోతాయి. తొక్క తీయడం మాత్రం నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే వీటిలో ఎక్కువ భాగం తొక్కలోను, దాని కింద రెండు మూడు మిల్లీమీటర్ల పొరలోను, మొలకల్లోను, మొలక కళ్ళ చుట్టూను ఉంటుంది.

కిలో దుంపలో ఈ పదార్థాలు 200 మిల్లీగ్రాములు దాటకూడదన్నది చాలాకాలంగా పాటిస్తున్న హద్దు. మనిషి బరువులో కిలోకు ఒక మిల్లీగ్రాము లోపలికి వెళ్ళినా కొందరికి వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు మొదలవుతాయి. ఈ లెక్కన పదిహేను కిలోల పిల్లవాడికి, ఆ హద్దు దగ్గర ఉన్న దుంప 75 గ్రాములు, అంటే ఒక మోస్తరు దుంప చాలు. దక్షిణ లండన్‌లో ఒక బడిలో, కిందటి టర్మ్ నుంచి మిగిలిపోయిన బస్తాలోని దుంపలు వండి పెట్టగా 78 మంది బాలురు జబ్బుపడ్డారని 1979లో ఒక వైద్యపత్రిక ప్రకటించింది. ఆ దుంపలు కూడా ఉడికించినవే. కాబట్టి ఒక మూల కాస్త పచ్చబడితే ఆ భాగాన్ని లోతుగా చెక్కి పారేయండి, సగానికి పైగా పచ్చబడినా, నాలుకకు చేదు తగిలినా దుంప మొత్తం వదిలేయండి. దుంపలను చీకటి మూల గోనెసంచిలో పెట్టుకోండి. దుకాణంలో రోజంతా బల్బు కింద గుట్టపోసినవాటికంటే బస్తాలోంచి అప్పుడే తీసినవి అడిగి కొనుక్కోండి.

కామంచి విషయంలో మీ అబ్బాయి పొరబడటానికి కారణం పేరే. ప్రాణాంతకమైన నైట్‌షేడ్ అని పేరుపడ్డది బెల్లడోనా. అది ఐరోపా, పశ్చిమాసియా దేశాల చల్లని నేలల మొక్క, మీ పెరట్లో తనంతట తాను మొలిచేది కాదు. దాని పువ్వు ఊదారంగు గంటలా, కాయ ఒంటిగా, వెడల్పాటి అయిదు రెక్కల తొడిమ మీద కూర్చున్నట్టు ఉంటుంది. కామంచి పువ్వు చిన్నది, తెల్లనిది, మధ్యలో పసుపు. కాయలు గుత్తులుగా వేలాడతాయి. సొలనిన్‌ను మొట్టమొదట 1820లో వేరుచేసింది ఈ కామంచి కాయలనుంచే కనుక, దీన్ని పూర్తిగా నిర్దోషి అని కూడా అనను. పచ్చికాయలు తినకూడదు, పిల్లలను తిననివ్వకూడదు. లేత ఆకును ఉడికించి, ఆ నీళ్ళు వంపేసి వండుకునే మన పాత పద్ధతి సరైనది. అలా వండినప్పుడు మీ అబ్బాయికి నిశ్చింతగా వడ్డించండి.

వంకాయ, పండిన టమాటా గురించి భయం అక్కరలేదు. పచ్చి టమాటాలో సొలనిన్‌ను పోలిన టొమాటిన్ అనే పదార్థం ఉన్నా కాయ పండేకొద్దీ బాగా తగ్గిపోతుంది, పైగా అది పేగుల్లోంచి ఒంటికి పట్టేది తక్కువ; అప్పుడప్పుడు చేసుకునే పచ్చి టమాటా పచ్చడి మానుకోనక్కరలేదు.

ప్రశ్న: శివరాత్రి పూజకు ఉమ్మెత్త పువ్వులు, కాయలు కోసుకొచ్చిన మా మనవరాలికి సాయంత్రానికి ఒక కంటిపాప రెండోదానికంటే బాగా పెద్దదైంది. కన్ను మసకగా ఉందంటోంది. దిష్టి తగిలిందని ఇంట్లో అంటున్నారు.
– ఒక తాతగారు, గుణుపూరు

జవాబు: అయ్యా, అది దిష్టి కాదు, ఉమ్మెత్త పసరు అయివుంటుంది. ఆ చేత్తోనే కన్ను నులుముకుంటే, పసరులోని ఆట్రోపిన్, స్కోపొలమిన్ కంటిపాపను కుదించే కండరాన్ని పనిచేయనివ్వవు. ఇది కొన్ని రోజులు ఉండి తనంతట తానే తగ్గుతుంది. అయినా ఒక పాపే పెద్దదవడం తలకు దెబ్బ తగిలినప్పుడు కూడా జరుగుతుంది కాబట్టి, వైద్యునికి చూపించి, ఉమ్మెత్త ముట్టుకున్నదని తప్పక చెప్పండి.

గింజలు మింగితే మాత్రం అది ప్రాణాపాయం. అవి మిరప గింజలను పోలి ఉంటాయి. నోరు ఎండిపోవడం, ఒళ్ళు వేడెక్కి ఎర్రబడటం, గుండె దడ, మూత్రం బిగుసుకోవడం, లేనివాటిని పట్టుకోబోయినట్టు గాలిలో చేతులాడించడం, ఇవి కనబడితే ఉప్పునీళ్ళు తాగించి కక్కించే ప్రయత్నం చేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. వెళ్ళేటప్పుడు ఒక కొమ్మనో కాయనో వెంట పట్టుకెళ్ళండి. పత్తి చేలల్లో కొట్టే కొన్ని రకాల పురుగుమందులు ఒంట్లోకి వెళ్ళినవారికి కంటిపాపలు సూదిమొనంత అయిపోతాయి, నోట చొంగ కారుతుంది. వారిని బతికించడానికి వైద్యులు ఇచ్చే మందు ఇదే ఆట్రోపిన్. ఉమ్మెత్త తిన్నవారికి అదే మందు ఎక్కిస్తే విషం మీద విషం పెట్టినట్టే అవుతుంది. అందుకే మనిషి ఏది తిన్నదీ దాచకుండా మొదటి మాటగా చెప్పండి.