ఇంటి వీడియోల డీవీడీకి ఏ సాఫ్ట్‌వేర్ మేలు? పాఠకుల సందేహాలు, సమాధానాలు

ప్రశ్న: మా పెళ్ళినాటి వీహెచ్ఎస్ క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాము. నిడివి రెండు గంటల పది నిమిషాలు. దానికి పిల్లల ఫోన్ వీడియోలు కూడా చేర్చి, మెనూ ఉండే డీవీడీగా తయారుచేసి ఊళ్ళో ఉన్న మా అత్తమామలకు ఇవ్వాలని ఉంది. వారి దగ్గర పాత డీవీడీ ప్లేయర్ ఉంది. ఒక ప్రోగ్రామ్ ట్రయల్ వెర్షన్‌తో చేసి చూస్తే బొమ్మ నడిమధ్యలో కంపెనీ పేరు పడింది; అది పోవాలంటే ఏడాది చందా కట్టమంటున్నారు. తక్కువ ఖర్చులో ఏది కొనుక్కోవచ్చు?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ పనికి డబ్బు పెట్టి ఏ ప్రోగ్రామూ కొననక్కరలేదు. డీవీడీ వీడియో అనేది 1990ల నడుమ స్థిరపడిన ప్రమాణం. జపాన్‌లో మొదటి ప్లేయర్లు అమ్మకానికి వచ్చిన 1996 నుంచి అది మారలేదు. వేల రూపాయల ప్రోగ్రామ్‌తో చేసినా, ఉచిత ప్రోగ్రామ్‌తో చేసినా చివరికి డిస్కు మీద ఉండేది ఒకటే: వీడియో_టీఎస్ అనే ఫోల్డర్, అందులో వీఓబీ, ఐఎఫ్ఓ, బీయూపీ అనే మూడు రకాల ఫైళ్ళు. మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో బొమ్మ 720×576 చుక్కల కొలతతో, సెకనుకు 25 ఫ్రేములతో, ఎంపెగ్-2 రూపంలో ఉండాలి. శబ్దం 48 కిలోహెర్ట్‌జ్‌లో ఉండాలి. బొమ్మకు వాడే డేటా సెకనుకు 9.8 మెగాబిట్లు దాటకూడదు. మీ అత్తమామల ప్లేయర్ చూసేది వీటినే గానీ, వీటిని ఎవరి ప్రోగ్రామ్ తయారుచేసిందని కాదు. అందువల్ల సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునేటప్పుడు అందమైన మెనూ నమూనాలు ఎన్ని ఉన్నాయని కాక, ఈ ప్రమాణాన్ని తప్పకుండా పాటిస్తుందా, బిట్‌రేట్‌ను, అంటే సెకనుకు వాడే డేటాను, మన చేతికి ఇస్తుందా, బొమ్మ మీద గుర్తు వేయకుండా పని పూర్తిచేస్తుందా అని అడగాలి.

ఈ మూడింటికీ సరిపోయేది డీవీడీ స్టైలర్. ఇది ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్, పూర్తిగా ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది. ఎంపీ4, ఏవీఐ, ఎంపెగ్ వంటి మామూలు ఫైళ్ళన్నిటినీ తీసుకుంటుంది. మెనూలో బటన్లను మనకు కావలసిన చోట పెట్టుకోవచ్చు. ముహూర్తం, తలంబ్రాలు, అప్పగింతలు అంటూ అధ్యాయాలు విడగొట్టుకోవచ్చు. దీనిని దాని సొంత వెబ్‌సైటు నుంచే దించుకోండి. ఉచిత సాఫ్ట్‌వేర్లను పోగుచేసి ఇచ్చే సైట్లలో కొన్ని, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మనం అడగని వేరే ప్రోగ్రాములను కూడా అంటగడతాయి. ఇన్‌స్టాల్ సమయంలో వచ్చే ప్రతి తెరనూ చదివి, అక్కరలేని టిక్కులు తీసేయండి.

ఇక మీరు ముందుగా వేసుకోవలసిన లెక్క ఒకటి ఉంది. మామూలు డీవీడీలో 4.7 గిగాబైట్లు, అంటే సుమారు 37,600 మెగాబిట్లు పడతాయి. మీ క్యాసెట్ నిడివి 7,800 సెకన్లు. భాగిస్తే సెకనుకు 4.8 మెగాబిట్లు వస్తాయి, శబ్దానికి 0.2, మెనూకూ ఇతరాలకూ మరో 0.2 తీసేస్తే బొమ్మకు 4.4 మిగులుతుంది. క్యాసెట్ బొమ్మకు ఇది చాలు. అదే డిస్కులో గంటసేపు పిల్లల వీడియోలు కూడా పెడితే ఆ అంకె మూడు దగ్గరికి పడిపోతుంది. అప్పుడు జనం కదిలే చోటల్లా బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోతుంది. పైగా పాత టేపులో ఉండే గరగర చుక్కలు కూడా బిట్లను తినేస్తాయి, ఎందుకంటే ఎన్‌కోడర్, అంటే వీడియోను కుదించి డీవీడీ రూపంలోకి మార్చే భాగం, వాటిని కూడా బొమ్మలో భాగమే అనుకుంటుంది. కాబట్టి పిల్లల వీడియోలకు రెండో డిస్కు వాడండి. ఒక ఖాళీ డిస్కు ఖరీదు ఏ సాఫ్ట్‌వేర్ చందా కంటే కూడా తక్కువే. 8.5 గిగాబైట్ల రెండు పొరల డిస్కులు ఉన్నాయి గానీ, పాత ప్లేయర్లు వాటి దగ్గర మొరాయించడం ఎక్కువ కాబట్టి మీకు వాటిని సిఫారసు చేయను.

క్యాసెట్ విషయంలో ఇంకొక వెసులుబాటు ఉంది. వీహెచ్ఎస్‌లో అడ్డంగా ఉండే వివరం దాదాపు 240 గీతలకు మించదు. డీవీడీ ప్రమాణం 352×576 కొలతను కూడా అనుమతిస్తుంది. ఆ కొలతను ఎంచుకుంటే పోయే వివరం పెద్దగా ఉండదు, అవే బిట్లు సగం చుక్కలకు సర్దుకుంటాయి గనుక బొమ్మ నిలకడగా కనిపిస్తుంది.

టేపు నుంచి వచ్చిన వీడియో ఇంటర్‌లేస్ రూపంలో, అంటే ఒక్కో ఫ్రేము సరిగీతలుగా, బేసిగీతలుగా రెండు ముక్కలై ఉంటుంది. కంప్యూటర్ తెర మీద కదిలే చేతుల అంచులు దువ్వెన పళ్ళలా కనిపించేది ఇందువల్లే. అది చూసి కంగారుపడి ‘డీఇంటర్‌లేస్’ చేయకండి, అంటే ఆ రెండు ముక్కలనూ కలిపేయకండి. డీవీడీ ఆ రూపాన్ని ఉన్నదున్నట్టుగా మోయగలదు, టీవీ దానిని సాఫీగా చూపగలదు. అయితే ఏ గీతల వరుస ముందు రావాలన్నది సరిగా పెట్టాలి. మినీ డీవీ కెమెరా టేపులకు కింది వరుస ముందు వస్తుంది. వీహెచ్ఎస్ నుంచి క్యాప్చర్ చేసినవాటికి (కంప్యూటర్‌లోకి ఎక్కించినవాటికి) చాలావరకు పై వరుస ముందు ఉంటుంది, కానీ అది క్యాప్చర్ పరికరాన్ని బట్టి మారుతుంది. ఇది తారుమారైతే టీవీలో ప్రతి కదలికా ముందుకూ వెనక్కూ వణుకుతున్నట్టు ఉంటుంది. దానిని కంప్యూటర్‌లో చూసి పసిగట్టడం కష్టం. అందుకని మొదట రెండు నిమిషాల ముక్కతో, చెరిపి మళ్ళీ రాయగల డీవీడీ-ఆర్‌డబ్ల్యూ మీద ఒక పరీక్ష డిస్కు చేసి, దానిని టీవీలో వేసి చూడండి.

డిస్కు నేరుగా రాయకుండా, ముందు డీవీడీ స్టైలర్‌తో ఐఎస్ఓ ఫైలుగా, అంటే డిస్కు మొత్తానికి నకలైన ఒకే ఫైలుగా, భద్రపరచి, ఉచితంగా దొరికే వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిచి మెనూ బటన్లన్నీ నొక్కి చూడండి. అన్నీ సరిగా ఉంటే ఇమ్‌గ్‌బర్న్ అనే ప్రోగ్రామ్‌తో డిస్కు రాయండి. దాని చివరి వెర్షన్ 2013లో వచ్చినదే అయినా ఈ పనికి ఇప్పటికీ అక్కరకు వస్తుంది. రాసిన తరువాత సరిచూసే సౌకర్యం కూడా అందులో ఉంది. పాత ప్లేయర్ కాబట్టి డీవీడీ-ఆర్ రకం డిస్కు తీసుకోండి. రాసే వేగం అన్నిటికంటే ఎక్కువది కాకుండా 4 లేదా 8 రెట్ల దగ్గర ఉంచండి. డిస్కు మీద కాగితపు లేబుల్ అంటించవద్దు, బాల్‌పెన్నుతో రాయవద్దు; డిస్కుల కోసమే అమ్మే మార్కర్ వాడండి.

డబ్బు పెట్టడం ఎప్పుడు న్యాయమంటే, మీరు నెలనెలా పదుల సంఖ్యలో డిస్కులు చేసేవారైతే. టీఎంపీజీఎన్‌క్ ఆథరింగ్ వర్క్స్ వంటి ప్రోగ్రాములు ఇదివరకే ప్రమాణానికి తగ్గట్టున్న ఎంపెగ్-2 వీడియోను మళ్ళీ ఎన్‌కోడ్ చేయకుండా, కత్తిరించిన చోట మాత్రమే కొత్తగా తయారుచేస్తాయి. దీనివల్ల గంటలు ఆదా అవుతాయి, నాణ్యత నిలుస్తుంది. కొనేముందు ఒక్కసారి కట్టే ధరా, ఏటేటా కట్టాల్సిన చందానా అని తప్పక చూడండి. ఒకటి రెండు డిస్కుల కోసం చందా కట్టడం మాత్రం శుద్ధ దండగ.

ప్రశ్న: ఒంగోలు నుంచి మా నాన్నగారు ఇంటి గృహప్రవేశం డీవీడీ పంపారు. ఇక్కడి ప్లేయర్‌లో వేస్తే తెర నల్లగానే ఉంటోంది. ఇది రీజియన్ కోడ్ సమస్యేనా? మరో ప్రోగ్రామ్‌తో చేయించమని చెప్పాలా?
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: సినిమా కంపెనీలు అమ్మే డిస్కులకే రీజియన్ తాళం ఉంటుంది. ఇంట్లో చేసిన డిస్కులను ఆథరింగ్ ప్రోగ్రాములు, అంటే డీవీడీని తయారుచేసే ప్రోగ్రాములు, అన్ని ప్రాంతాలకూ తెరిచే ఉంచుతాయి. డిస్కు సరిగా రాయకపోవడం వంటి వేరే కారణమూ ఉండవచ్చు గానీ, మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి ముందు అనుమానించవలసింది టీవీ పద్ధతిని. భారతదేశంలో పాల్, అమెరికాలో ఎన్‌టీఎస్‌సీ. ఎన్‌టీఎస్‌సీ డీవీడీలో బొమ్మ 720×480, సెకనుకు 29.97 ఫ్రేములు. అమెరికాలో అమ్మిన ప్లేయర్లలో ఎక్కువ భాగం పాల్ డిస్కును చూపలేవు. మన దగ్గర అమ్మిన ప్లేయర్లు మాత్రం సాధారణంగా రెండింటినీ చూపుతాయి.

అదే డిస్కును కంప్యూటర్ డ్రైవులో పెట్టి వీఎల్‌సీతో తెరవండి. కంప్యూటర్‌కు ఈ తేడా లేదు కాబట్టి డిస్కు మంచిదైతే అక్కడ ఆడుతుంది. నాన్నగారు ప్రోగ్రామ్ మార్చనవసరం లేదు. కొత్త ప్రాజెక్టు తెరిచేటప్పుడు పాల్ బదులు ఎన్‌టీఎస్‌సీ ఎంచుకుని మరొక డిస్కు చేస్తే చాలు. 25 ఫ్రేముల వీడియోను 29.97కు మార్చినప్పుడు కదలికలో కొద్దిపాటి కుదుపు వస్తుంది. అందుకే ఒకే డిస్కుతో రెండు దేశాలకూ సరిపెట్టకుండా, అక్కడ చూసుకోవడానికి పాల్ డిస్కును అలాగే ఉంచి, మీకోసం వేరేగా చేయమనండి.

ప్రశ్న: ఫోన్‌లో తీసిన వీడియోలతో డీవీడీ చేస్తే మొదట్లో బాగానే ఉండి, అరగంట గడిచేసరికి మాట ముందు, పెదవుల కదలిక తరువాత అవుతోంది. ఉచిత సాఫ్ట్‌వేర్ లోపమేనా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఖరీదైన ప్రోగ్రాములలో కూడా ఈ తేడా వస్తుంది, ఎందుకంటే దాని మూలం ఫోన్‌లో ఉంది. వెలుతురు తగ్గినప్పుడు, ఫోన్ వేడెక్కినప్పుడు కెమెరా సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్యను మార్చుకుంటూ పోతుంది. డీవీడీలో ఆ సంఖ్య స్థిరంగా ఉండి తీరాలి. ఈ రెంటికీ పొత్తు కుదరక తేడా కొంచెం కొంచెంగా పేరుకుంటుంది.

ముందుగా హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఆ వీడియోను తెరిచి, ఫ్రేమ్ రేటు దగ్గర 29.97 పెట్టి, దాని కింద ‘కాన్‌స్టెంట్’ అన్న ఎంపికను గుర్తించి, కొత్త ఎంపీ4 చేయండి. హ్యాండ్‌బ్రేక్ డీవీడీ చేయదు. వచ్చిన ఫైలును డీవీడీ స్టైలర్‌కు ఇవ్వాలి. ఫోన్ వీడియోలు ఎక్కువగా సెకనుకు 30 ఫ్రేములవి కాబట్టి, భారతదేశంలో చూసే డిస్కే అయినా వీటికి ఎన్‌టీఎస్‌సీ ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. 25కు కుదిస్తే సెకనుకు అయిదు ఫ్రేములు పోతాయి, పిల్లలు పరుగెత్తే దృశ్యాల్లో ఆ లోటు కంటికి తెలుస్తుంది. ఒకే డిస్కులో పాల్, ఎన్‌టీఎస్‌సీ కలపకూడదు. తెనాలి పాఠకురాలిని రెండు డిస్కులు చేయమనడానికి ఇది కూడా ఒక కారణం. ఫోన్‌ను నిలువుగా పట్టుకుని తీసినవాటికి రెండు పక్కలా నల్లని పట్టీలు తప్పవు.

ప్రశ్న: లినక్స్ వాడతాను. మా అన్నయ్యది మ్యాక్. మాకు ఏమున్నాయి?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: రెండింటికీ డీవీడీ స్టైలర్ ఉంది. లినక్స్‌లో మెనూ సాదాగా ఉన్నా ఫరవాలేదనుకుంటే డెవెడే ఇంకా తేలిక. డిస్కు రాయడానికి కే3బీ గానీ బ్రసెరో గానీ వాడండి. మ్యాక్‌తో పాటు ఒకప్పుడు వచ్చిన ఐడీవీడీని ఆపిల్ ఎప్పుడో ఆపేసింది. విండోస్ 7లో ఉండిన డీవీడీ మేకర్ కూడా విండోస్ 8 నుంచి లేదు.

ప్రశ్న: మెనూలో తెలుగులో పేర్లు రాస్తే ఒత్తులు, గుణింతాలు విడిపోయి వస్తున్నాయి. ఇంగ్లీషులోనే రాసుకోవాలా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అక్కరలేదు. చాలా ఆథరింగ్ ప్రోగ్రాములకు తెలుగు అక్షరాలను కూర్చడం సరిగా రాదు. అందుచేత అక్షరాలను వాటి చేత రాయించకుండా, గింప్ వంటి బొమ్మల ప్రోగ్రామ్‌లో మీకు నచ్చిన తెలుగు ఫాంటుతో శీర్షికలు రాసి, ఆ మొత్తాన్ని ఒక బొమ్మగా భద్రపరచి మెనూ వెనుక పెట్టండి. వాటి పక్కన అక్షరాలు లేని ఉత్త బటన్లు ఉంచండి. పాల్ వెడల్పు తెరకైతే ఆ బొమ్మను 1024×576 కొలతలో, పాత చదరపు తరహా టీవీకైతే 768×576లో చేయండి. ప్రోగ్రామ్ దానిని 720కి కుదించినా టీవీ మళ్ళీ సాగదీస్తుంది కాబట్టి అక్షరాలు సరైన ఆకారంలోనే కనిపిస్తాయి. పాత టీవీలు అంచులను కొంత కోసేస్తాయి, కాబట్టి నాలుగు వైపులా పదో వంతు ఖాళీ వదిలి, ఆ లోపలే పేర్లు రాయండి.