పాట్‌లక్‌కు ఏం తీసుకుపోవాలి అక్కా?

సెలవుల్లో కొల్లాపూర్‌లో అమ్మ దగ్గర ఉన్నాను. ఆగస్టులో అమెరికా చదువులకు బయలుదేరే పిల్లలు సాయంత్రం పూట వచ్చి కూర్చుంటున్నారు. అద్దె ఇళ్లు, బ్యాంకు ఖాతా, చలికోట్ల సంగతులన్నీ అయ్యాక, దేవరకొండ నుంచి వచ్చిన చెల్లె అడిగింది: "అక్కా, పాట్‌లక్ అంటే తలా ఒక వంట పట్టుకపోవాలంట గదా. నాకు పులిహోర తప్ప ఏం రాదు. అక్కడోళ్లు తినేటిది, మన రుచి ఉండేటిది ఏదన్నా చెప్పు."

మామిడి కాబ్లర్ చెయ్యమన్నాను. పండు ముక్కలు, పిండి కలిపి ఓవెన్‌లో బేక్ చేసే అమెరికా తీపి వంటకం ఇది. బ్రిటన్ నుంచి వలస వెళ్లిన తొలి తరాలు, తమ ఊరి పుడ్డింగులకు కావలసిన సరుకులు అక్కడ లేక, ఉన్న పండుతో, ఉన్న పిండితో చేసుకున్నారు. ఎక్కువగా పీచ్ పండుతో చేస్తారు. నేను చెప్పే పద్ధతిలో గుడ్డు ఉండదు కాబట్టి శనివారం ఒక్కపొద్దు ఉన్నవాళ్లూ అడిగి తెలుసుకుని తినొచ్చు.

ముందు పండు సంగతి. ఇక్కడి బేనిషాన్లు సూట్‌కేసులో పెట్టుకుపోదామని అనుకోవద్దు. 2007లో మన మామిడికి అమెరికా అనుమతి ఇచ్చింది, కానీ అది రేడియేషన్ శుద్ధి చేసి పంపే సరుకుకు. ప్రయాణికుల సామానులో తాజా పండు కనిపిస్తే విమానాశ్రయంలో తీసేసుకుంటారు, దాచిపెడితే జరిమానా.

అక్కడి దుకాణాల్లో దొరికే టామీ అట్కిన్స్ రకం మామిడి ఎర్రగా నిగనిగలాడుతుంది. ఆ ఎరుపు చూసి కొనొద్దు, కాయగా ఉన్నా అది ఎర్రగానే ఉంటుంది, పీచు కూడా ఎక్కువ. కీట్ రకం పండినా పచ్చగానే ఉంటుంది. రంగు వదిలేసి ముచ్చిక దగ్గర మెల్లగా నొక్కి, వాసన చూడండి. మెక్సికో నుంచి వచ్చే పసుప్పచ్చ అటాల్ఫో దొరికితే అదే తీసుకోండి. పీచు తక్కువ, టెంక పలుచన. మన అమ్మలు వరిగడ్డిలో మాగేసినట్టు, అక్కడ కాగితం సంచిలో అరటిపండుతో కలిపి రెండు మూడు రోజులు పెట్టండి. మాగకముందే ఫ్రిజ్‌లో పెడితే మాత్రం అది ఇక సరిగా పండదు.

పోయిన వారం బేనిషాన్‌తోనే ఇక్కడ చేసి చూశాను. అమ్మ పక్కనే నిలబడి, "గింత మంచి పండును ఎవరన్నా కాలుస్తరా బిడ్డా?" అంది. ఆమె మాటే నిజం. కొల్లాపూర్ బేనిషాన్ కోసుకుని తినాల్సిన పండు, వేడికి దాని వాసన సగం పోయింది. కానీ అక్కడి చప్పటి పండుకు ఇదే వేడి మేలు చేస్తుంది. నీరు ఇగిరి తీపి చిక్కబడుతుంది. నిమ్మరసం, యాలకుల పొడి పడితే లేని రుచి కూడా వస్తుంది. ఊరి పండు దొరకలేదని అమెరికాలో మొదటి ఎండాకాలమంతా నేను మామిడి ముట్టనే లేదు. మీరు అట్లా చేయకండి.

ఎనిమిది అంగుళాల చదరపు గాజు గిన్నెకు మూడు కప్పుల ముక్కలు కావాలి. ఒక ముక్క తిని చూశాకే చక్కెర సంగతి తేల్చుకోండి. తీపి ఉంటే రెండు చెంచాలు, చప్పగా ఉంటే పావు కప్పు. సగం నిమ్మకాయ పిండండి. ఫ్రోజెన్ ముక్కలైతే పూర్తిగా కరగనిచ్చి నీళ్లు వంపేసి, ఒక చెంచా కార్న్‌స్టార్చ్ కలపండి. మనం ఇక్కడ కార్న్‌ఫ్లోర్ అనేదాన్ని అక్కడ కార్న్‌స్టార్చ్ అంటారు. కార్న్‌ఫ్లోర్ అని అడిగితే మక్కపిండి చేతిలో పెడతారు.

మైదా అక్కడ ఆల్ పర్పస్ ఫ్లోర్ పేరుతో దొరుకుతుంది. ఒక కప్పు మైదా, ముప్పావు కప్పు చక్కెర, ఒకటిన్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, ఒక కప్పు పాలు కలిపి దోసె పిండిలా జారుగా చేసుకోండి. బేకింగ్ సోడా వేరు, బేకింగ్ పౌడర్ వేరు. మొదటిసారి నేను సోడా వేశాను, గిన్నె మొత్తం సబ్బు వాసన కొట్టి పారబోయాల్సి వచ్చింది. సెల్ఫ్ రైజింగ్ అని రాసున్న పిండిలో పౌడర్, ఉప్పు ముందే ఉంటాయి, మళ్లీ వేయకండి.

ఓవెన్ వేసే ముందు తలుపు తెరిచి లోపల చూడండి. మనవాళ్ల అద్దె ఇళ్లలో అది పెనాలు దాచుకునే అల్మారా. పాత కిరాయిదారు వదిలేసిన ప్లాస్టిక్ పిడి పెనం ఉంటే ఇల్లంతా పొగ, అలారం మోత, పక్కింటివాళ్లకు టెన్షన్. మీట బేక్ మీద పెట్టాలి, బ్రాయిల్ మీద కాదు. బ్రాయిల్ పైనుంచి మాడ్చేస్తుంది. అక్కడి అంకెలు ఫారన్‌హీట్‌లో ఉంటాయి: 350 మీద పెట్టండి, అంటే మన సెల్సియస్ లెక్కలో దాదాపు 177 డిగ్రీలు.

ఒక స్టిక్ వెన్న, అంటే 113 గ్రాములు, కరిగించి గిన్నెలో పోయండి. దాని మీద పిండి, పిండి మీద ముక్కలు. కలపాలని చెయ్యి లాగుతుంది, కలపొద్దు. వేడికి పిండి పొంగి ముక్కల మధ్యలోంచి పైకొస్తుంది, వెన్న అంచులను కరకరలాడేలా చేస్తుంది. 45 నుంచి 50 నిమిషాలు పడుతుంది. పైన బంగారు రంగు వచ్చి, పిండి ఉన్న చోట గుచ్చిన పుల్లకు పచ్చిపిండి అంటకపోతే అయినట్టే. వేడి గాజు గిన్నెను తడి గట్టు మీద పెట్టకండి, పగులుతుంది. మడిచిన తువ్వాలు మీద పెట్టండి. అరగంట ఆరితే రసం చిక్కబడుతుంది.

మీద జీడిపప్పు చల్లాలని ఉంటుంది, పాట్‌లక్‌కైతే వద్దు. అక్కడ నట్స్ పడనివాళ్లు ఉంటారు, కొందరికి ప్రాణం మీదికే వస్తుంది. పాలు, వెన్న, గోధుమ మైదా ఉన్నాయని, గుడ్డు లేదని చిన్న చీటీ రాసి పక్కన పెట్టండి. వెనిల్లా ఐస్‌క్రీమ్ డబ్బా ఒకటి పట్టుకెళితే ఇంకా మంచిది.

ఇంకొకటి. మన ఇళ్లలో స్టీలు గిన్నెల మీద పేరు కొట్టిస్తారు కదా. గాజు గిన్నె అడుగున టేపు అంటించి మీ పేరు రాయండి. అక్కడ అందరి గిన్నెలూ ఒకేలా ఉంటాయి.